కొంకిపురుగులు - మన శరీరపు కావలి

గొర్రెలను పెంచు రైతునకు ఒక సంగతి అనుభవపూర్వకముగా తెలియును. నట్టల మందు త్రాగించిన కొలది దినములకు మంద తేరుకొనును. దవడ క్రింద దిగిన నీరు తగ్గి, జీవములు మేత బాగుగా మేయును. అయితే వానలు పడిన పిమ్మట మరల అదే బీటిలో మేపిన యెడల, కొన్ని నెలలలో నట్టలు తిరిగి కనబడును. మశూచి సోకి కోలుకొన్న గొర్రెకు ఆ రోగము మరల రాదు. నట్టలు మాత్రము ఏటేట పట్టుచునే యుండును.

మనుష్యుల విషయములోను ఇంతే. తట్టు పోసి తగ్గిన బిడ్డకు మరల తట్టు పోయుట అరుదు. కొంకిపురుగు మాత్రము ఒకే మనిషిని పదిసార్లయినను పట్టగలదు. శరీరము ఒక వ్యాధి విషయములో పాఠము నేర్చుకొని, రెండవదాని విషయములో ఎందుకు నేర్చుకొనలేకున్నది? ఈ ప్రశ్నకు జవాబు తెలిసినచో, నట్టల నివారణకు మాత్ర ఒక్కటే ఎందుకు చాలదో కూడ మీకు తెలియును.

పురుగు ఎట్లు ప్రవేశించును?

కొంకిపురుగు సుమారు ఒక సెంటీమీటరు పొడవుండి, సన్నని దారపు ముక్కవలె కనబడును. 1838లో ఇటలీలోని మిలాను నగరములో ఆంజెలో దుబీని అను వైద్యుడు, మరణించిన ఒక రైతు స్త్రీ ప్రేగులలో దీనిని కనుగొనెను. అది శరీరములోనికి ఏ దారిని వచ్చుచున్నదో చాలకాలము వరకు తెలియలేదు. ఈజిప్టులోని కైరోలో ఆర్థర్ లూస్ అను శాస్త్రజ్ఞుడు పని చేయుచుండగా, పురుగు పిల్లలున్న నీరు పొరపాటున ఆయన చేతిపై పడినది. అచ్చట దురద, మంట కలిగెను. కొంతకాలమునకు ఆయన మలములోనే పురుగు గ్రుడ్లు కనబడెను. చర్మము గుండ పురుగు ప్రవేశించునని ఆయన 1898లో ప్రకటించెను.

నట్టలున్న మనిషి బయలు ప్రదేశములో మలవిసర్జన చేసినప్పుడు గ్రుడ్లు నేలపై పడును. ఒక్క ఆడ పురుగు దినమునకు వేలకొలది గ్రుడ్లు పెట్టును. తేమ, నీడ, గోరువెచ్చదనము గల నేలలో ఒకటి రెండు దినములలో అవి పొదుగును. 5 నుండి 10 దినములలో పిల్లలు మనిషిని పట్టు దశకు వచ్చును. నీడగల తోటలు, తేమ ఆరని గట్లు, ఇసుక పాలు గల గరపనేలలు వాటికి అనుకూలము. తీవ్రమైన ఎండకు, పొడినేలకు అవి చచ్చును. అనుకూలమైన చోట మాత్రము మూడు నాలుగు వారములు బ్రతికి, ఉత్త కాలికొరకు కాచుకొని యుండును.

పాదము దొరకగనే పిల్ల చర్మమును తొలుచుకొని రక్తములో చేరును. అచ్చటినుండి గుండెకు, ఊపిరితిత్తులకు పోయి, గొంతులోనికి ప్రాకి, మ్రింగబడి ప్రేగులకు చేరును. అచ్చట నోటితో ప్రేగుగోడను పట్టుకొని రక్తము పీల్చును. కాలిలో గ్రుచ్చుకొన్న నాటినుండి గ్రుడ్లు పెట్టువరకు సుమారు 6 నుండి 8 వారములు పట్టును.

ఒక నెకేటర్ జాతి పురుగు వలన దినమునకు సుమారు 0.03 మిల్లీలీటరు రక్తము పోవును. ఇది లెక్కకు రాదని అనుకొనవలదు. 100 పురుగులున్న మనిషికి దినమునకు 3 మిల్లీలీటర్లు, నెలకు 90 మిల్లీలీటర్లు నష్టము. యాంకిలోస్టోమా అను రెండవ జాతి అయినచో నష్టము అంతకు ఐదారు రెట్లుండును. ముఖము పాలిపోవుట, ఆయాసము, మడిలో కొంచెము పని చేయగనే కూలబడుట దీని ఫలితములు.

శరీరపు కావలి ఏమి చేయును?

శరీరము ఊరకుండదు. పిల్ల చర్మములో దిగగనే పాదమునకు దురద, పొక్కులు పుట్టును. ఇది కావలివారి మొదటి కేక. సూక్ష్మజీవి అయినచో తెల్ల రక్తకణము దానిని మ్రింగివేయగలదు. నట్ట అట్లు మ్రింగుటకు వీలుకాని పెద్ద శత్రువు. ఒక ఎలుకను పట్టుటకు వచ్చిన పిల్లికి ఎదుట ఎద్దు నిలిచినట్లుండును.

కావున శరీరము వేరొక దళమును పంపును. అందు ముఖ్యమైనవి ఇసినోఫిల్ అను తెల్లకణములు. ఆరోగ్యవంతుని రక్తములో నూరు తెల్లకణములకు ఇవి సాధారణముగా ఐదింటికి మించవు. నట్టలు పట్టినవారిలో చాల పెరుగును. రక్తపరీక్ష చీటీలో ఈ సంఖ్య హెచ్చుగా కనబడినప్పుడు వైద్యుడు నట్టలను అనుమానించుట అందువలననే. ఈ కణములు పురుగును చుట్టుముట్టి దానిపై విషపదార్థములను చిమ్మును. వాటితోపాటు ఐజి-ఇ అను ప్రతిరక్షకము తయారగును. ప్రేగులు జిగురును ఎక్కువగా స్రవించి, కండరములను బిగించి, పురుగును జార్చి బయటకు త్రోయజూచును. ఉబ్బసము, దద్దుర్లు కలిగించునది కూడ ఈ దళమే. పుప్పొడినో దుమ్మునో చూచి శత్రువని భ్రమించినప్పుడు అది మనలనే బాధించును.

పురుగు పన్నాగము

ఇంత దళము కదలినను పురుగు ఏండ్ల తరబడి ఎట్లు బ్రతుకుచున్నది? అది కావలివారిని చంపదు, శాంతింపజేయును.

మన శరీరములో దాడిచేయు కణములతోపాటు, దాడిని ఆపు కణములు కూడ కలవు. యుద్ధము హద్దు మీరి మన అవయవములనే దెబ్బతీయకుండ చూచుట వాటి పని. 1995లో జపాను శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగుచి ఈ నియంత్రక కణములను వివరించెను. ఈ పరిశోధనకుగాను మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అనువారితో కలిపి ఆయనకు 2025లో నోబెల్ బహుమతి లభించినది. నట్ట ఈ సహజమైన కళ్ళెమునే తన చేతిలోనికి తీసికొనును. అది స్రవించు పదార్థములలో కొన్ని రక్తము గడ్డకట్టకుండ చేయును, కొన్ని తెల్లకణములు గాయమునకు చేరకుండ అడ్డుపడును, మరికొన్ని నియంత్రక కణములను పెంచును. పొలమునకు కావలి యున్నను, దొంగయే కావలివానికి జోలపాడినట్లగును.

శరీరమునకు కూడ ఇందు కొంత లాభమున్నది. ప్రేగులో ఎడతెగని యుద్ధము జరిగినచో ప్రేగే పాడగును. కావున ఇరుపక్షములకు ఒక విధమైన రాజీ కుదురును. కాని ఆ రాజీకి శిస్తు చెల్లించునది మనమే.

ఈ కారణముచేత కొంకిపురుగు విషయములో వయస్సుతో రక్షణ కలుగదు. ఏలికపాములు, కొరడాపురుగులు పిల్లలలో ఎక్కువగా నుండి పెద్దలలో తగ్గును. కొంకిపురుగుల భారము వయస్సుతో పెరిగి పెద్దలలోనే నిలిచియుండును. "మాకు అలవాటు పడిపోయినది, ఏమీ కాదు" అను మాట ఈ పురుగు విషయములో చెల్లదు.

మనుష్యులను పట్టు ఏ నట్టకును అనుమతి పొందిన టీకా ఇంతవరకు లేదు. గొర్రెల రక్తము పీల్చు హీమాంకస్ నట్టకు ఆస్ట్రేలియాలో 2014లో టీకా అనుమతింపబడినది. అయితే దానిని కూడ పలుమార్లు వేయవలసియున్నది.

ఇతర విషయములపై ప్రభావము

శాంతించిన కావలి ఇతర పనులలోను మందగించునా యని శాస్త్రజ్ఞులు పరిశీలించిరి. ఈక్వడార్ దేశములో ఏలికపాములున్న పిల్లలకు ముందుగా నట్టల మందు ఇచ్చి, తరువాత కలరా టీకాను నోటిద్వారా ఇచ్చినప్పుడు టీకా బాగుగా పట్టినట్లు 2000లో వెల్లడైనది. ఇథియోపియాలో క్షయ నివారణకు వేయు బి.సి.జి. విషయములోను ఇటువంటి ఫలితమే 2001లో ప్రకటింపబడినది. ఉగాండాలో గర్భవతులకు నట్టల మందు ఇచ్చి, పుట్టిన బిడ్డలకు టీకాలు ఎట్లు పట్టినవో చూడగా తేడా కనబడలేదని 2011లో తేలినది. కావున దీనిని అన్ని టీకాలకు వర్తించు సూత్రముగా తీసికొనరాదు. నట్టలున్నవను కారణముతో బిడ్డకు టీకాను ఎన్నడును వాయిదా వేయరాదు.

"నట్టలుంటే ఉబ్బసము రాదట" అను మాట కొందరు వినియుందురు. దీనికి కొంత మూలము లేకపోలేదు. 1976లో ఇంగ్లాండులో టర్టన్ అను శాస్త్రజ్ఞుడు కొంకిపురుగులను తనకే పట్టించుకొని, తన పుప్పొడి జలుబు తగ్గినదని వ్రాసెను. తరువాత ఉబ్బసరోగులకు పది పురుగు పిల్లలను పట్టించి చేసిన పరీక్షలో చెప్పుకోదగిన మేలు కనబడలేదని 2010లో ప్రచురించబడినది. ఆ పరీక్షలు లెక్కపెట్టిన పురుగులతో, వైద్యుల కనుసన్నలలో జరిగినవి. గట్టుమీద పట్టు పురుగులకు లెక్క లేదు, కాపలా లేదు. ఉబ్బసమునకు మందుగా ఎవ్వరును నట్టలను ఉంచుకొనరాదు.

కావలి పడిపోయినచో

నేలనుండి ఇదేవిధముగా పాదము గుండ ప్రవేశించు మరియొక నట్ట స్ట్రాంజిలాయిడిస్. ఇది మనిషిలోపలనే తిరిగి తిరిగి పుట్టగలదు. రెండవ ప్రపంచయుద్ధములో బర్మా-సయాము రైలుమార్గముపై పనిచేసిన బ్రిటిషు యుద్ధఖైదీలలో కొందరికి, ఇల్లు చేరిన 30 ఏండ్ల తరువాత కూడ ఈ పురుగు కనబడినది. శరీరపు కావలి దానిని పూర్తిగా చంపలేకున్నను హద్దులో ఉంచును.

ఉబ్బసమునకో కీళ్ళవాపునకో స్టిరాయిడు మందులు వాడినప్పుడు ఆ కావలి బలహీనపడును. అప్పుడు ఈ పురుగులు విపరీతముగా పెరిగి శరీరమంతట వ్యాపించి ప్రాణము తీయవచ్చును. కావున దుకాణములో అడిగి స్టిరాయిడు మాత్రలు కొనవలదు. వైద్యుడు వ్రాసినప్పుడు "నేను ఉత్తకాళ్ళతో మట్టిలో పని చేయుదును" అని తప్పక చెప్పవలెను. ఈ పురుగునకు సాధారణ నట్టల మాత్రకంటె ఐవర్‌మెక్టిన్ మేలైనది. దానిని వైద్యుని సలహాపైననే వాడవలెను.

మీరు చేయవలసిన పనులు

శరీరము లోపల కట్టుకొనలేని రక్షణను మనము బయట కట్టుకొనవలెను.

1. మరుగుదొడ్డి: ఇంటిల్లిపాది, పొలములో నున్నప్పుడు కూడ, దీనినే వాడవలెను. ఒక్క ఇంటివారు మానినను పక్కవారి పాదములకు ముప్పు. రెండు గుంటల దొడ్డిలో ఒక గుంట నిండినప్పుడు దానిని మూసి రెండేండ్లు కదపరాదు. అటుపిమ్మట ఎరువుగా వాడవచ్చును. పచ్చి మలమును పొలమునకు వేయరాదు.

2. పాదరక్షలు: గట్లపైన, తోటలలో, నారుమళ్ళవద్ద చెప్పులకంటె రబ్బరు బూట్లు మేలు. పని ముగియగనే కాళ్ళు చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

3. మురుగునీటి సేద్యము: హైదరాబాదు దిగువన మూసీ వెంబడి శుద్ధిచేయని మురుగునీటితో సేద్యము చేయు కుటుంబములలో, మంచినీటితో చేయువారికంటె కొంకిపురుగులు ఎక్కువగా నున్నట్లు 2008లో ప్రచురింపబడిన పరిశీలన తెలిపినది. అట్టి పొలములలో బూట్లు, చేతితొడుగులు లేనిదే దిగరాదు. ఆకుకూరలను శుభ్రమైన నీటితో కడిగి బాగుగా ఉడికించి తినవలెను.

4. పిల్లలకు మాత్ర: 2015 నుండి మన దేశములో జాతీయ నులిపురుగుల నివారణ దినము జరుపబడుచున్నది. 1 నుండి 19 ఏండ్ల వరకు బడులలోను, అంగన్వాడీలలోను ఆల్బెండజోల్ ఇత్తురు. రెండేండ్లలోపు బిడ్డకు సగము మాత్ర, పైవారికి 400 మిల్లీగ్రాముల పూర్తి మాత్ర. చిన్నబిడ్డలకు పొడిచేసి నీటితో ఇవ్వవలెను.

5. పెద్దలను మరువరాదు: ఈ దినమున మాత్ర పిల్లలకే అందును. కొంకిపురుగులు నిలుచునది పెద్దలలో. పాలిపోవుట, ఆయాసము కలవారు ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో రక్తము, మలము పరీక్ష చేయించుకొనవలెను. మాత్ర పురుగును చంపును గాని పోయిన రక్తమును తేదు. వైద్యుడిచ్చు ఇనుము మాత్రలు పూర్తిగా వాడవలెను. గర్భవతులు మొదటి మూడు నెలలలో నట్టల మందు తీసికొనరాదు. తరువాత వైద్యుని అడిగి తీసికొనవలెను.

గ్రామాధికారులకు ఒక మనవి. మాత్రల పంపిణీని, మరుగుదొడ్ల పనిని వేర్వేరు పద్దులుగా చూడవలదు. మాత్ర వేసిన బిడ్డ మరునాడు అదే మలినమైన నేలపై నడచినచో రెండు నెలలలో పురుగు మరల గ్రుడ్లు పెట్టును. మాత్రల పంపిణీకి ముందు వారములో బయలు దొడ్డికి పోవు స్థలములను గుర్తించి, ఆ యిండ్ల దొడ్లు ఎందుకు వాడకములో లేవో విచారింపవలెను. నీరు లేకనో, తలుపు లేకనో, గుంట నిండియో కారణముండును. దానిని ముందు సరిచేయుడు.

బీడు మార్చక మందు త్రాగించిన మంద బాగుపడదని మన రైతులకు తెలిసిన సంగతియే. మన పిల్లలు నడచు నేల విషయములోను ఆ తెలివినే వినియోగింతుము గాక.