మామిడికాయల కోతకు చిక్కపు గెడ

చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకొనుట మన సామెత. సువర్ణరేఖ యన్నను, బంగినపల్లి యన్నను, పనుకులన్నను ఆ పేరు విని కొనువాడు గంప దగ్గరకు వచ్చును. కాని వచ్చినవాడు కాయను చేతికెత్తుకొని చూడక మానడు. తొడిమ ఊడి, తోలుమీద నల్లని చారలు పడి, ఒక ప్రక్క మెత్తబడిన కాయను ఏ చెట్టు పేరు చెప్పినను మంచి ధరకు అమ్మజాలము. ఏడాది పొడవున రైతు పడిన శ్రమ కోతనాడు అర నిమిషములో చెడిపోవుచున్నది. దీనిని ఆపుటకు కావలసిన సాధనము ఖరీదైనది కాదు. గ్రామమందలి వడ్రంగి, కమ్మరి కలసి ఒక్క పూటలో చేసి ఇయ్యగలది. అదియే చిక్కపు గెడ.

గరివిడి విజయనగరమునుండి శ్రీకాకుళం రోడ్డు స్టేషనునకు పోవు రైలుమార్గముమీద నున్నది. 1979 జూన్ 1వ తేదీన విజయనగరం జిల్లా ఏర్పడువరకు ఈ ప్రాంతము శ్రీకాకుళం జిల్లాలో ఉండెడిది. లోహ కర్మాగారమువలన ఈ ఊరి పేరు దూరప్రాంతములకు తెలిసినను, చుట్టుపట్ల గ్రామముల బ్రతుకుతెరువు పొలముమీదను, తోటమీదను ఆధారపడియున్నది. ఇచటి పాత తోపులలోని చెట్లు ఎత్తైనవి. నేలమీద నిలిచి చేతితో కోయదగిన కాయలు కొన్నియే. మిగిలినవానికొరకు కొమ్మలు దులుపుటయో, కొక్కెపు దోటితో లాగి రాల్చుటయో, మనిషి చెట్టెక్కుటయో జరుగుచున్నది. ఈ మూడింటిలోను నష్టమున్నది.

రాలిన కాయకు ఏమగును?

ఇరువది అడుగుల ఎత్తునుండి రాలిన కాయ నేలను తాకునప్పటికి గంటకు సుమారు 39 కిలోమీటర్ల వేగము నందుకొనును. పచ్చికాయ గట్టిగా నుండుటచే ఆ దెబ్బ అప్పుడు పైకి కనబడదు. కావిళ్లలో మోసి, గడ్డిలో మాగవేసిన పిమ్మట దెబ్బతిన్న చోటనే ముందుగా మెత్తబడి కుళ్లు పుట్టును. ఆ కుళ్లు ప్రక్క కాయలకును ప్రాకును. గంపలో నాలుగు కాయలు చెడినచో కొనువాడు గంప మొత్తమునకు ధర తగ్గించును. రాల్చిన వానికి మిగిలిన కాలముకంటె, మాగువేళ రైతుకు కలుగు నష్టమే ఎక్కువ.

రెండవ చెరుపు సొన. మామిడియు, జీడిమామిడియు ఒకే కుటుంబమునకు చెందిన చెట్లు. జీడిపిక్కలు ఒలుచు వారి చేతులు ఎట్లు కాలునో మన గ్రామములవారికి తెలియనిది కాదు. మామిడి సొన అంత తీవ్రమైనది కాకున్నను, తోలుమీద పడినచోట నల్లని మచ్చ చేయును. తొడిమ మొదలంట ఊడినప్పుడు ఈ సొన ఒక్కసారిగా చిమ్మును. తొడిమ వ్రేలి వెడల్పుపాటి కాయకు నిలిచియున్నచో అంతగా చిమ్మదు. అంతేగాక తొడిమ ఊడిన గుంటనుండి కుళ్లు సులభముగా లోపలికి చొచ్చును. కాబట్టి కాయను లాగరాదు, తొడిమను కోయవలెను. ఈ పాఠమునకు సారమంతయు ఈ మాటయే.

గెడ చేయు విధము

ఎడ్ల మూతికి కట్టు చిక్కమును ఎరుగని రైతు లేడు. కాయలు కోయు చిక్కమును అటువంటి అల్లికయే. దీనికి నాలుగు భాగములు కలవు.

మొదటిది గెడ. తేలికగాను, తిన్నగాను ఉన్న ఎండిన వెదురును పది పండ్రెండు అడుగుల పొడవున తీసుకొని కణుపులు నునుపు చేయవలెను. చీలిక లున్న వెదురు పనికిరాదు. రెండవది వలయము. పెన్సిలు లావు ఇనుపకమ్మిని ఎనిమిది, తొమ్మిది అంగుళముల వెడల్పున గుండ్రముగా వంచి, దాని రెండు కొనలను గెడ చివర తీగతో బిగింపవలెను. వలయము గెడకు కొంచెము వాలుగా నున్నచో కాయ సులభముగా లోనికి దిగును. మూడవది చిక్కము. నూలుత్రాటితో గాని, నైలానుత్రాటితో గాని అడుగు లోతున అల్లి వలయమునకు కుట్టవలెను. కన్నులు కాయ జారిపోనంత చిన్నవిగా నుండవలెను. నాలుగవది కత్తి. రెండంగుళముల చిన్న ఉక్కుబద్దను పంగవలె నడుమ చీల్చి, ఆ చీలిక అంచులకు పదును పెట్టించి, వలయమునకు ముందువైపున, పంగ నోరు గెడ తట్టునకు ఉండునట్లు బిగింపవలెను. కాయకు పదును తగులరాదు, తొడిమ మాత్రమే పంగలో చిక్కవలెను.

ఇట్టి కత్తి గల చిక్కములను మన శాస్త్రజ్ఞులును పరీక్షించి తీర్చిదిద్దిరి. కొంకణ ప్రాంతమందలి దాపోలి వ్యవసాయ విశ్వవిద్యాలయము “నూతన్” అను పేరుతో నొకదానిని రూపొందించినది. మన గ్రామపు కమ్మరి కొలిమిలో చేయు పనియు ఆ సూత్రముననే సాగును.

వాడు విధము

కాయ ముదిరినదో లేదో ముందుగా చూడవలెను. తొడిమ దగ్గర భుజములు నిండి పైకి లేచిన కాయ ముదిరినది. చెట్టుమీద ఒకటి రెండు పండ్లు తమంత పండి రాలుటయు గురుతే. ఎండ ముదరకముందే కోతకు దిగవలెను. కాయను క్రిందినుండి చిక్కములోనికి తీసుకొని, తొడిమను పంగలో నిలిపి, గెడను తనవైపునకు ఒక్కసారి లాగవలెను. తొడిమ తెగి కాయ చిక్కములో పడును. నాలుగు కాయలు పడిన పిమ్మట గెడను దింపవలెను. సువర్ణరేఖ కాయలు నాలుగు కలసి కిలోకు మించి తూగును. పండ్రెండడుగుల గెడ కొనకు అంతకంటె ఎక్కువ బరువు చేర్చినచో భుజము నొచ్చును, గెడ వంగును.

దించిన కాయలను నేలమీద కుమ్మరింపక, ఎండుగడ్డి పరచిన గంపలో నుంచి నీడకు చేర్చవలెను. అక్కడ తొడిమను పొట్టిగా కత్తిరించి, కాయను బోర్లించి సొన పూర్తిగా కారనిచ్చి, శుభ్రమైన నీటితో కడిగి ఆరబెట్టవలెను. కోతవాడు పైకి చూచుచు పని చేయును గావున కంటిలో సొన పడకుండ చెట్టునకు నేరుగా క్రింద నిలువరాదు.

మనిషి కాయకంటె విలువైనవాడు

చెట్టెక్కి కోయువాని కాలు జారినచో ఆ యింటి కూలి ఆగిపోవును. ఒకప్పుడు ఆ మనిషియే దక్కడు. నేలమీద నిలిచి కోయుటలో ఈ భయము లేదు. కాని మరియొక భయమున్నది. తోపులమీదుగా విద్యుత్ తీగలు పోవు చోట్ల ఇనుప గొట్టమునుగాని, అల్యూమినియం గొట్టమునుగాని గెడగా వాడుట ప్రాణాపాయము. తడిసిన వెదురును నమ్మదగినది కాదు. తీగకు గెడ అందునంత సమీపమున నున్న కొమ్మ కాయలను వదలివేయుటయో, విద్యుత్ సిబ్బందికి తెలిపి సరఫరా ఆపిన పిమ్మట కోయుటయో చేయవలెను.

పంచాయతీ చేయదగిన పని

చిక్కపు గెడతో కోత కొంత నిదానముగా సాగును. ఈ విషయమును దాచనక్కరలేదు. గంపకు ఇంత యని కూలి పుచ్చుకొనువాడు కొమ్మ దులుపుటకే మొగ్గు చూపును. అది వాని తప్పు కాదు, ఏర్పాటులోని తప్పు. నిదానమునకు తగిన కూలి ఇచ్చినగాని మంచి కోత రాదు. కనుక పంచాయతీ సభ్యులు ఈ క్రింది పనులు చేయవచ్చును.

చైత్రమాసములోనే వడ్రంగిని, కమ్మరిని పిలిచి రెండు మూడు గెడలు చేయించి పంచాయతీ కార్యాలయములో నుంచినచో, చిన్న రైతులు వంతులవారీగా తీసుకొని వాడుకొందురు. చెరువుగట్లమీదను, పంచాయతీ స్థలములలోను ఉన్న చెట్ల ఫలసాయమును వేలము వేయునప్పుడు, కొమ్మలు దులుపరాదనియు, తీగల దగ్గర లోహపు గెడలు వాడరాదనియు షరతులు చేర్చవలెను.

మా మాట నమ్ముడని మేము కోరము. ఒకే చెట్టునుండి ఏబది కాయలు దులిపి, ఏబది కాయలు చిక్కముతో కోసి, రెంటికిని పట్టిన కాలమును వ్రాసియుంచుడు. రెండు కుప్పలను వేర్వేరుగా గడ్డిలో మాగవేసి, వారము దినముల తరువాత రచ్చబండ దగ్గర అందరి యెదుట విప్పి మంచి పండ్లను లెక్కింపుడు. మిగిలిన పండ్ల ధరనుండి అదనపు కూలిని తీసివేసి చూచినచో, ఏది లాభమో పలకమీద అంకెలే చెప్పును. ఆ లెక్క చూచిన రైతు మరుసటి ఏడు గెడ కొరకు పంచాయతీకి రాడు. తన యింటి చూరుక్రింద తానే ఒకటి చేయించి పెట్టుకొనును. అదియే పంచాయతీ చేసిన మేలు.