సంచులు నువ్వు పట్టుకో

రాజమండ్రి

చిరంజీవి మేనల్లుడికి,



మీ అమ్మ లండన్ వచ్చి నెల దాటినా మీ ఇల్లు, వీధి చివర పార్కు తప్ప ఏమీ చూడలేదని, వచ్చే శనివారం అందరూ కలిసి గ్రీనిచ్‌లో పెయింటెడ్ హాల్‌కు వెళ్తున్నారని మొన్న ఫోన్లో చెప్పావు. చాలా మంచి పని. ఆ ఊళ్లో పాతికేళ్లు ఉద్యోగం వెలగబెట్టినవాణ్ణి కదా, నాలుగు ముక్కలు చెప్పాలనిపించింది. ఫోన్లో చెబితే చంటాడి అల్లరికి సగం కొట్టుకుపోతాయని ఉత్తరం రాస్తున్నాను.

ముందు, నువ్వు చదివి వినిపించిన ఆ పట్టిక చింపెయ్యి. పొద్దున కట్టీ సార్క్ ఓడ, తర్వాత హాలు, మధ్యాహ్నం కొండెక్కి అబ్జర్వేటరీ, సాయంత్రం మార్కెట్టు! మీ అమ్మ మోకాళ్ల సంగతి నీకు తెలియనిదా? ఆ రోజుకి హాలు ఒక్కటీ చాలు. వెస్ట్‌మిన్‌స్టర్ దగ్గర పడవెక్కి థేమ్స్ మీదుగా వెళ్లండి. నది మీంచి చూస్తే రెండు గుమ్మటాలు జంటగా కనిపిస్తాయి. కుడిచేతి వైపు గుమ్మటం కిందే ఆ హాలు.

అది ఎవరి కోసం కట్టారో తెలుసుకుని వెళ్తే చూపు వేరుగా ఉంటుంది. 1692లో ఫ్రాన్సుతో జరిగిన సముద్ర యుద్ధం నుంచి గాయాలతో తిరిగొచ్చిన నావికుల్ని చూసి, అలాంటివాళ్లు చివరి రోజులు గడపడానికి ఒక ఆశ్రయం కట్టించాలని మేరీ రాణి సంకల్పించింది. 1694 చివర్లో మశూచి ఆమెను పొట్టన పెట్టుకుంది. భర్త విలియం రాజు ఆమె గుర్తుగా ఆ పని కొనసాగించాడు. సెయింట్ పాల్స్ చర్చి కట్టిన క్రిస్టఫర్ రెన్నే దీనికీ నమూనా గీశాడు. 1705లో మొదటి పింఛనుదార్లు వచ్చి చేరారు. వాళ్లు కూర్చుని భోంచెయ్యడానికి కట్టిందే ఈ హాలు. మన సత్రాల్లో పంక్తి భోజనాల సావడి ఉంటుంది చూడు, అలాంటిదన్నమాట.

జేమ్స్ థార్న్‌హిల్ అనే చిత్రకారుడు 1707లో పని మొదలుపెట్టి 1726లో ముగించాడు. అంటే పంతొమ్మిదేళ్లు! కూలి కూడా గజాల లెక్కనే, మన ఇంటికి రంగులేసేవాళ్లు అడిగినట్టు. పైకప్పుకు చదరపు గజానికి 3 పౌన్లు, గోడలకు 1 పౌను. పడమటి గోడ మీద రాజకుటుంబం పక్కనే తన బొమ్మ కూడా వేసుకున్నాడు. ఒక చెయ్యి చాచి ఉంటాడు. మిగతా డబ్బులు అడుగుతున్నాడని జనం హాస్యమాడతారు.

ఇక అసలు కథ. అంతా పూర్తయ్యేసరికి, ముసలి నావికులు తిండి తినడానికి ఇది మరీ ఘనంగా ఉందని పెద్దలకు తోచింది. వాళ్ల భోజనాలు కింద నేలమాళిగలో పెట్టారు. పైన హాలు చూడవచ్చినవాళ్లకీ వేడుకలకీ మిగిలింది. ఎవరి పేరు చెప్పి కట్టారో వాళ్లకే అందులో విస్తరి పడలేదు.

ఇది చదివి నవ్వుకున్న రోజులు నాకూ ఉన్నాయి. తర్వాత ఒకసారి నవ్వు ఆగిపోయింది. మీ తాతగారు లండన్ వచ్చిన వేసవిలో నేనూ నీలాగే పట్టిక రాసుకున్నాను. ఒక్కరోజులో నాలుగు చోట్లు. గ్రీనిచ్ చేరేసరికి ఆయన కాళ్లు వాచిపోయాయి. ‘నేనిక్కడ కూర్చుంటాను, మీరు చూసి రండిరా’ అన్నారు. మారుమాట లేకుండా సంచులూ, పిల్లల కోట్లూ ఆయన ఒళ్లో పెట్టి లోపలికి వెళ్లాం. గంట తర్వాత వస్తే అదే మెట్టు మీద, సంచుల పట్టీలు మణికట్టుకు చుట్టుకుని, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు కూర్చుని ఉన్నారు. ‘బాగుందా?’ అని ఆయనే అడిగారు. ఆయన కోసమని బయల్దేరిన రోజది. ఆయన్ని కాపలా పెట్టాం.

అందుకే చెబుతున్నాను. లోపలికి వెళ్లగానే ఫోను తియ్యకు. 2016లో మొదలైన మరమ్మతులు పూర్తయి 2019లో తిరిగి తెరిచాక నేను వెళ్లినప్పుడు, పడుకుని పైకప్పు చూడటానికి పరుపు బల్లలు వేసి ఉన్నాయి. ముందు మీ అమ్మని ఒకదాని మీద పడుకోబెట్టు. సిగ్గుపడుతుంది, ‘నలుగురిలో ఏమిట్రా’ అంటుంది. పక్కన నువ్వూ పడుకో, అప్పుడు ఒప్పుకుంటుంది. చిన్నప్పుడు లేపాక్షిలో మండపం కప్పు మీది బొమ్మలు చూస్తూ నడిచి స్తంభానికి నుదురు కొట్టుకున్న మనిషి మీ అమ్మ. దానికి ఈ పడక ఎప్పుడో రావలసింది!

అక్కడ బొమ్మలన్నీ వివరించబోకు. బరోక్ శైలి అంటేనే ఒకేసారి మీద పడిపోయేటట్టు గీయడం. మేఘాలు, రథాలు, దేవతలు, నిలువునా లేచే స్తంభాలు. మధ్యలో సింహాసనం మీద విలియం, మేరీ. విలియం పాదాల కింద విరిగిన కత్తితో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ. ఇది గెలిచినవాళ్లు గీయించుకున్న బొమ్మ అని మీ పెద్దమ్మాయికి ఒక్క మాట చెప్పు, చాలు. ఏది నిజం చెక్కడమో, ఏది రంగుతో చేసిన కనికట్టో కనిపెట్టమని దానికి పందెం పెట్టు. పిల్లలకు అంతకంటే మంచి ఆట లేదు. ఒక చివర ఖగోళ శాస్త్రవేత్త ఫ్లామ్‌స్టీడ్ ఉంటాడు. ఆయన కాగితం మీద 1715 ఏప్రిల్ 22 నాటి సూర్యగ్రహణం లెక్క ఉంటుంది. అది మా కోడలికి చూపించు, లెక్కల మనిషి కదా.

మీ అమ్మకి మాత్రం ఒక్క ముసలాయన్ని వెతికిపెట్టు. అంత దేవతా సమూహంలో శీతాకాలానికి ఒక రూపం కావలసి వస్తే థార్న్‌హిల్ ఎక్కడికో పోలేదు. ఆ ఆశ్రయంలోనే ఉన్న జాన్ వర్లీ అనే తొంభై దాటిన నావికుణ్ణి కూర్చోబెట్టి గీశాడు. తెల్లటి గడ్డం. తాగి నోరు పారేసుకుంటాడని అధికారుల చేత చీవాట్లు తిన్న మనిషి. భోజనానికి కింది నేలమాళిగ, బొమ్మకి పై ఆకాశం! నౌకాసేనాని నెల్సన్ భౌతికకాయాన్ని 1806 జనవరిలో మూడు రోజులు ఉంచింది ఈ హాల్లోనే, వేల మంది వచ్చారు. నాకు మాత్రం ఆ హాలు ఈ ముసలాయనదే.

తర్వాత బయట పచ్చిక మీద కూర్చుని పులిహోర తినండి. వచ్చాక మీ అమ్మ ఏమందో నాకు రాయి. నువ్వు ఏం చూపించావో కాదు, తను ఏం చూసిందో.

సంచులు మాత్రం నువ్వు పట్టుకో.

ఇట్లు,
మీ మావయ్య