గీతలు నేర్చిన యంత్రం

ఇల్లు కట్టదలచినవారు ముందుగా పటం గీయిస్తారు. కర్మాగారం నిర్మించదలచినవారికి ఒక్క పటం చాలదు. ఏ గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఏ మోటారు ఏ షరతుపై తిరుగుతుందో తెలిపే పటాలు ఎన్నో కావాలి. కర్మాగారం మొదట కాగితంపై వెలుస్తుంది. కాగితంపై దొర్లిన తప్పు ఇనుములోనూ దొర్లుతుంది.

ఈ పటాలలో రెండు రకాలు ముఖ్యమైనవి. మొదటిది గొట్టాలను, కొలిచే పరికరాలను చూపేది. దీనిని ఇంజనీర్లు ‘పి అండ్ ఐడి’ అంటారు. ఇందులో చిన్న వృత్తం ఒక పరికరానికి గుర్తు. అందులోని మొదటి అక్షరం ‘టి’ అయితే ఉష్ణోగ్రత, ‘పి’ అయితే పీడనం, ‘ఎఫ్’ అయితే ప్రవాహం, ‘ఎల్’ అయితే ద్రవమట్టం అని గ్రహించాలి.

రెండవది నిచ్చెన పటం. రెండు నిలువు గీతల నడుమ మెట్లవలె అడ్డగీతలు ఉండటంచేత దీనికి ల్యాడర్ డయాగ్రమ్ అనే పేరు వచ్చింది. పూర్వం యంత్రాలను రిలేలు నడిపేవి. తయారయ్యే కారు నమూనా మారినప్పుడల్లా వాటి తీగలను విప్పి మళ్లీ కలపవలసి వచ్చేది. ఈ శ్రమను తప్పించే ఎలక్ట్రానిక్ నియంత్రకం కావాలని 1968లో అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ కోరింది. డిక్ మోర్లీ బృందం రూపొందించిన ‘మోడికాన్ 084’ 1969లో వెలువడింది. నేటి పి.ఎల్.సి.లకు అదే ఆద్యం. పనివారికి అలవాటైన నిచ్చెన పటమే ఆ యంత్రానికి భాష అయింది.

1963లో ఇవాన్ సదర్లాండ్ ‘స్కెచ్‌ప్యాడ్’ ద్వారా కంప్యూటర్ తెరపై గీతలు గీయవచ్చునని నిరూపించాడు. 1982లో ఆటోక్యాడ్ వచ్చింది. అయితే గీసేవారి చేతిలో పెన్సిలుకు బదులు మౌస్ చేరిందే కాని శ్రమ పూర్తిగా తొలగలేదు. కంప్యూటరుకు వృత్తం వృత్తంగానే తెలుసు. అది ఉష్ణమాపకమని తెలియదు.

ఆ తెలివిని యంత్రానికి అలవరచే విద్యయే యంత్రాభ్యసనం, అనగా మెషీన్ లెర్నింగ్. 1959లో ఆర్థర్ శామ్యూల్ ఈ మాటను వాడుకలోకి తెచ్చాడు. చెకర్స్ ఆటలో ఆడేకొద్దీ మెరుగుపడే ప్రోగ్రామును ఆయన తయారుచేశాడు. నియమాలన్నీ ముందుగా చెప్పకుండా, ఉదాహరణల నుండి యంత్రమే గ్రహించేలా చేయడం ఇందులోని మూలసూత్రం.

పాత పటాన్ని యంత్రం నాలుగు దశలలో చదువుతుంది. మొదట కవాటాలు, పంపులు, పరికరాల గుర్తులను పోల్చుకొంటుంది. తరువాత అక్షరాలను, అంకెలను చదువుతుంది. ఆపై గీతల వెంట సాగి, నిండుగీత గొట్టమనీ తునకల గీత విద్యుత్ సంకేతమనీ వేరుచేస్తుంది. చివరకు ఏది దేనితో కలిసిందో నిర్ణయిస్తుంది. కొత్త పటం గీసేటప్పుడు, పంపు గుర్తు పెట్టగానే దాని ప్రక్కన సాధారణంగా ఉండే కవాటాన్ని, పీడనమాపకాన్ని సూచించగలదు.

అయితే నేర్వడానికి ఉదాహరణలు కావాలి. కర్మాగారాలు తమ పటాలను బయటపెట్టవు. అందుచేత పరిశోధకులు కృత్రిమ పటాలను సృష్టిస్తారు. 2021లో టి.సి.ఎస్. పరిశోధకులు అటువంటి 500 పటాలను రూపొందించారు. అయినా వెలిసిపోయిన కాగితం, చేతితో దిద్దిన గీత యంత్రాన్ని నేటికీ తికమకపెడతాయి.

ఇక్కడ ఒక ఉదాహరణను గమనించాలి. మోటారును ఆపే మీట మామూలు స్థితిలో విద్యుత్తును ప్రసరింపనిస్తుంది. నొక్కితే తెంచుతుంది. ఆ మీట తీగ తెగిపోయినా మోటారు ఆగిపోతుంది. పటంలో ఈ గుర్తు తారుమారై, తీగలను కూడా అలాగే కలిపితే రోజువారీ పనిలో తేడా కనిపించదు. తీగ తెగిననాడు మాత్రం, మీట నొక్కినా యంత్రం ఆగదు.

మరొక సంఘటన మన ప్రాంతంలోనిదే. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక కర్మాగారపు ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. ట్యాంకు అడుగున మాత్రమే ఉష్ణోగ్రతను కొలిచే ఏర్పాటు ఉన్నదని, మధ్యభాగంలోను పైభాగంలోను లేదని ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం తెలిపింది. అటువంటి ట్యాంకు పటాన్ని యంత్రానికి ఇస్తే, ఉన్న వృత్తాన్ని అది తప్పులేకుండా గుర్తించవచ్చు. లేని వృత్తాల మాట ఏమిటి? చూసిన పటాలన్నిటిలో అదే లోపం ఉంటే, ఆ లోపాన్నే పద్ధతిగా నేర్చుకొంటుంది. “పైభాగం వేడెక్కితే ఎలా తెలుస్తుంది?” అని అడగవలసినవాడు ఇంజనీరే.

పటం అంచున ఒక చిన్న పట్టిక ఉంటుంది. గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు అందులో సంతకాలు చేస్తారు. మొదటి పనిలో యంత్రం ఎంతో భాగం పంచుకోవచ్చు. దానివల్ల మిగిలిన సమయాన్ని రెండవ పనికి వెచ్చించగలిగితేనే ఆ వేగం సార్థకమవుతుంది.

అర్థాలు
కవాటం = వాల్వు, ప్రవాహాన్ని అదుపుచేసే సాధనం
ఆద్యం = మొదటిది
అభ్యసనం = నేర్చుకోవడం
సార్థకం = ప్రయోజనం కలది

ప్రశ్నలు
1. పాత పటాన్ని యంత్రం ఏయే దశలలో చదువుతుందో వివరించండి.
2. పి.ఎల్.సి. ఆవిర్భావానికి దారితీసిన అవసరం ఏమిటి?
3. ‘లేని వృత్తాల మాట ఏమిటి?’ ఈ ప్రశ్నలోని ఆంతర్యాన్ని తెలపండి.