పది మీటర్ల దూరంలో ‘పది’: ఎయిర్ పిస్టల్ ఎలా మొదలుపెట్టాలి?

తుపాకీ పెద్దమనుషుల సరదా అనే పేరు మనకు జమీందారీ, నవాబీ కాలపు ఫొటోల నుంచి వచ్చింది. వేళ్ల మధ్య సిగార్, భుజాన రైఫిల్, కాళ్ల దగ్గర చచ్చిపడిన పులి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ వేట ముగిసింది, ముగియడమే మేలు. గురి చూసి కొట్టడంలో ఉన్న ఆనందం మాత్రం వేటతో పాటు పోలేదు. అది పది మీటర్ల అవతలి కాగితం మీదికి మారింది. నన్నడిగితే ఆట అసలు గొప్పతనం అప్పుడే బయటపడింది. ఇప్పుడు ఎదురుగా జంతువు లేదు. లొంగదీసుకోవలసింది మన చేతి వణుకునీ, మన తొందరనే.

ఈ ఆట మనకు దూరపుదేమీ కాదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ హైదరాబాద్‌లో పెరిగినవాడు. 2018లో పదమూడేళ్ల వయసులో జాతీయ సీనియర్ ఎయిర్ పిస్టల్ టైటిల్ గెలిచిన ఈషా సింగ్‌దీ హైదరాబాదే. బధిరుల ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ బంగారు పతకం గెలిచిన ధనుష్ శ్రీకాంత్‌ది కూడా ఈ ఊరే. వీళ్లలో ఎవరూ ఇంటి గోడకు తుపాకీ తగిలించుకుని షూటర్లు కాలేదు. రేంజ్‌కు వెళ్లి, వరుసలో నిలబడి నేర్చుకున్నారు. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ముందు రేంజ్, తర్వాతే తుపాకీ

కొత్తవాళ్లలో చాలామంది ముందు ఆన్‌లైన్‌లో పిస్టల్ ధరలు చూస్తారు. ఆ పని ఇప్పుడే వద్దు. మంచి విదేశీ మ్యాచ్ పిస్టల్ లక్ష దాటుతుంది. మీ చేతికి ఏ పిడి సరిపోతుందో మీకే తెలియకముందు అంత డబ్బు పెట్టడం వృథా. దగ్గర్లో ఉన్న రేంజ్ వెతుక్కుని, కొన్ని నెలలు క్లబ్ పిస్టల్‌తో నేర్చుకోండి. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలోని రేంజ్ ఉంది. మిగతా ఊళ్లవాళ్లు తమ రాష్ట్ర రైఫిల్ అసోసియేషన్‌ను అడిగితే గుర్తింపు ఉన్న క్లబ్బుల వివరాలు చెబుతారు.

రైఫిల్‌తో కాకుండా పిస్టల్‌తో మొదలుపెట్టమనడానికి కారణం ఉంది. రైఫిల్‌కు బిగుతైన ప్రత్యేక జాకెట్, ప్యాంటు, బూట్లు, గ్లోవ్ కావాలి. పిస్టల్‌కు మామూలు బట్టలు, అడుగు సమంగా ఉండే బూట్లు ఉంటే చాలు. ఈ ఆటకు మీ చేయీ కన్నూ పనికొస్తాయా లేదా అన్నది తక్కువ ఖర్చుతో తేలిపోతుంది.

చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. 0.177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్ల క్యాలిబర్ దాటకుండా, 20 జౌల్స్ లోపు శక్తి ఉండే ఎయిర్ గన్‌లకు మన దేశంలో ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. గుర్తింపు పత్రాలు చూపి అధీకృత డీలర్ దగ్గర బిల్లుతోనే కొనండి. 0.22 పిస్టల్ లాంటి మందుగుండు ఆయుధాలకు లైసెన్సు తప్పనిసరి. అది చాలా తర్వాతి మాట. లైసెన్సు అక్కర్లేదంటే బొమ్మ అని మాత్రం కాదు. అందులోంచి దూసుకొచ్చే చిన్న పెల్లెట్ కన్ను పోగొట్టగలదు. ఎయిర్ గన్‌తో మేడ మీద పావురాలనూ, చెట్ల మీద పిట్టలనూ కొట్టేవాళ్లను ఈ ఆట మనుషులుగా నేను ఎన్నడూ లెక్కపెట్టను.

చేతికి తీసుకునే ముందు

మొదటి రోజు మీకు గురి నేర్పరు, నియమాలు నేర్పుతారు. విసుక్కోకండి. బ్యారెల్ ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. ఎవరో పిలిచారని పిస్టల్ చేతిలో ఉండగా పక్కకు తిరగకూడదు. కాల్చే క్షణం వరకు వేలు ట్రిగ్గర్ మీదికి రాకూడదు. పిస్టల్ బల్ల మీద పెట్టినప్పుడు లోపల పెల్లెట్ లేదని చూపించే రంగు దారం, అంటే సేఫ్టీ ఫ్లాగ్, బ్యారెల్‌లో ఉండాలి. ‘స్టాప్’ అని వినిపిస్తే సగం నొక్కిన ట్రిగ్గర్‌నైనా వదిలేయాలి. ముందుకు వెళ్లి టార్గెట్ మార్చుకోవడం రేంజ్ అధికారి అనుమతి ఇచ్చాకే.

పెల్లెట్లు సీసంతో చేసినవి. వాటిని పెదవుల మధ్య పెట్టుకునే అలవాటు కొందరికి ఉంటుంది. అది ప్రమాదం. రేంజ్‌లో ఏమీ తినకండి, బయటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి.

సిగార్ సంగతికొస్తే, పాత ఫొటోల్లో సిగారూ తుపాకీ జంటగా కనిపించవచ్చు గానీ, షూటింగ్ రోజున దాన్ని ఇంట్లోనే వదిలేయండి. నికోటిన్ గుండె వేగాన్ని పెంచుతుంది. చాచిన చేతి చివర ఉన్న సైటు, అంటే పిస్టల్ మీద గురి చూసే భాగం, ప్రతి గుండె చప్పుడుకూ కదులుతుంది. గుండె వేగం ఈ ఆటలో ఎంత ముఖ్యమంటే, దాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు షూటింగ్‌లో డోపింగ్ కింద నిషేధం. బీపీకి అవి వాడుతున్నవాళ్లు సొంతంగా మాత్రలు ఆపేయకుండా, పోటీకి పేరిచ్చే ముందే డాక్టరుతోనూ కోచ్‌తోనూ మాట్లాడాలి.

నిలబడటం, పట్టుకోవడం

మీకు ఏ కన్ను బలమైనదో ముందు తేల్చుకోండి. రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్లతో దూరంగా ఉన్న స్విచ్ బోర్డును ఆ సందులోంచి చూడండి. తర్వాత ఒక్కో కన్ను మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు బోర్డు అక్కడే కనిపిస్తుందో అదే మీ గురి కన్ను. కుడిచేతివాటం ఉండి ఎడమ కన్ను బలంగా ఉంటే కంగారు పడొద్దు. కోచ్‌కు చెప్పండి చాలు.

కుడిచేతివాళ్లు కుడి భుజం టార్గెట్ వైపు ఉండేలా పక్కకు నిలబడాలి. పాదాల మధ్య భుజాల వెడల్పంత దూరం. ఖాళీ చేయి జేబులో గానీ బెల్టుకు తగిలించి గానీ ఉంచాలి. ఇప్పుడు కళ్లు మూసుకుని చేయి ఎత్తండి, రెండు ఊపిరులు తీసుకోండి, కళ్లు తెరవండి. సైటు టార్గెట్‌కు కుడివైపో ఎడమవైపో ఉంటే చేతిని లాగి సరిచేయకండి, వెనక పాదాన్ని కొద్దిగా జరపండి. చేతిని బలవంతంగా తిప్పితే కాల్చే క్షణంలో అది తన దారిన తాను వెనక్కి పోతుంది.

పిడిని కరచాలనం చేసినట్టు పట్టుకోవాలి. మధ్య వేలు, ఉంగరం వేలు నేరుగా వెనక్కి అదిమితే చాలు. బొటనవేలు ఊరికే ఆనుకుని ఉంటుంది. మణికట్టు మాత్రం గట్టిగా బిగిసి ఉండాలి.

చూపు ఎక్కడ?

ఈ ఆట ఇక్కడే ఉంది. పిస్టల్ వెనక వైపు సైటులో ఒక గాడి, ముందు వైపు ఒక దిమ్మ ఉంటాయి. ముందు దిమ్మ వెనక గాడి మధ్యలో, రెండు పక్కలా సమానమైన వెలుతురుతో, పై అంచులు ఒకే గీతలో ఉండేలా చూడాలి. కంటికి స్పష్టంగా కనిపించాల్సింది ఆ ముందు దిమ్మే. టార్గెట్ మీది నల్ల వృత్తం మసకగానే ఉండాలి. కొత్తవాళ్ల మనసు దీన్ని ఒప్పుకోదు. కొట్టాల్సింది దాన్నైతే దాన్నే చూడాలి కదా అనిపిస్తుంది.

లెక్క చూస్తే నమ్మకం కుదురుతుంది. ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్ల వృత్తం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, నల్ల భాగం మొత్తం 59.5 మిల్లీమీటర్లు. సైట్ల అమరిక సరిగ్గా ఉండి, చేయి మొత్తంగా 5 మిల్లీమీటర్లు పక్కకు ఊగినా పెల్లెట్ అంతే జరుగుతుంది, పది పోదు. చేయి నిశ్చలంగా ఉండి ముందు సైటు గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకోండి. రెండు సైట్ల మధ్య సుమారు 35 సెంటీమీటర్లే కాబట్టి ఆ తేడా పది మీటర్ల దగ్గర 28 మిల్లీమీటర్లు దాటుతుంది. పది కావాల్సిన షాట్ ఏడులో పడుతుంది. చేయి ఊగుతోందని దిగులు పడేవాళ్లు ఈ రెండు అంకెలనూ డైరీ మొదటి పేజీలో రాసుకోవాలి. ప్రపంచ చాంపియన్ల చేయి కూడా ఊగుతుంది. వాళ్ల సైట్లు మాత్రం చెదరవు.

గురిని వృత్తం నడిబొడ్డున పెట్టకండి. నల్లటి సైటు నల్లటి వృత్తంలో కలిసిపోయి కనిపించదు. వృత్తం కింద కొంచెం తెల్ల కాగితం వదిలి అక్కడ ఆపండి. పెల్లెట్ మధ్యకు వెళ్లేలా సైటును కోచ్ సరిచేస్తారు.

ట్రిగ్గర్

చేయి ఎత్తేటప్పుడు ఊపిరి తీసుకుని, గురి మీదికి దించుతూ సగం వదిలి ఆపాలి. పోటీ నియమాల ప్రకారం ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములు ఉండాలి. మొదటి దశలో వేలు తేలిగ్గా కదిలి ఒక చోట ఆగుతుంది. అక్కడి నుంచి చూపుడు వేలి మొదటి కణుపుతో నేరుగా వెనక్కి నెమ్మదిగా ఒత్తిడి పెంచుతూ పోవాలి. ‘ఇప్పుడే పది కనిపించింది, కొట్టెయ్’ అని మనసు అరుస్తుంది. దాని మాట విని లాగితే కుడిచేతివాళ్ల పెల్లెట్ కిందికీ ఎడమకూ పోతుంది. మీ రంధ్రాలన్నీ ఆ మూలే చేరుతుంటే తప్పు పిస్టల్‌ది కాదు, వేలిది.

పేలాక వెంటనే చేయి దించకండి. ఒకటి రెండు క్షణాలు అలాగే సైటును చూస్తూ ఉండండి. గురి మీదికి వచ్చాక పది సెకన్లు దాటినా షాట్ రాకపోతే చేయి దించేసి మళ్లీ మొదలుపెట్టండి. కొత్తవాడు కాల్చకుండా చేయి దించడం నేర్చాడంటే ఆట వంటబట్టినట్టే అంటాను నేను.

మొదటి నెలల్లో స్కోరు లెక్కపెట్టొద్దు. అయిదు రంధ్రాలు ఒకదానికొకటి దగ్గరగా పడుతున్నాయా అన్నదే చూడండి. అన్నీ ఏడులోనే గుంపుగా పడితే సైటు మరను కొన్ని క్లిక్కులు తిప్పి సర్దేయవచ్చు. ఒకటి పదిలో, ఒకటి నాలుగులో పడితే సర్దడానికి ఏమీ ఉండదు.

ఇంట్లో సాధన, కొనుగోలు

మ్యాచ్ పిస్టల్ బరువు దాదాపు కిలో. లీటరు నీళ్ల సీసా బరువూ అంతే. దాన్ని భుజం ఎత్తులో అరనిమిషం పట్టుకుని, ఒక నిమిషం విశ్రాంతి తీసుకుని, మళ్లీ పట్టుకోండి. సొంత పిస్టల్ వచ్చాక తెల్లగోడ సాధన చేయండి. పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకుని, పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ మాత్రమే నొక్కే డ్రై ఫైర్ మోడ్‌లో పెట్టి, ఏ గుర్తూ లేని గోడ ముందు ట్రిగ్గర్ నొక్కుతూ సైటు కదులుతుందో లేదో గమనించడమే. టార్గెట్ లేదు కనుక చూపు సైటు మీదే నిలుస్తుంది.

కొనేటప్పుడు పిడి సైజు, కుడి ఎడమ తేడా చూసుకోండి. స్టేయర్, వాల్తర్, మొరీనీ, ఫైన్‌వెర్క్‌బావ్ పేరున్న విదేశీ రకాలు. మన దేశంలో తయారయ్యే ప్రెసిహోల్ కూడా ఉంది. పాతది కొంటే గాలి సిలిండర్ మీది తేదీ తప్పక చూడండి. సాధారణంగా పదేళ్ల గడువు ఉంటుంది, గడువు దాటిన సిలిండర్‌ను పోటీలో ఒప్పుకోరు. పెల్లెట్లు చదును ముక్కువే కొనండి. అవి కాగితంలో గుండ్రటి రంధ్రం శుభ్రంగా కోస్తాయి, స్కోరు చదవడంలో గొడవ ఉండదు.

మొదటి పోటీ

జిల్లా, రాష్ట్ర పోటీలతో మొదలుపెట్టండి. జాతీయ స్థాయికి వెళ్లే దారిలో ఉండే మావ్‌లంకర్ పోటీలకు లోక్‌సభ తొలి స్పీకర్, 1951లో ఏర్పడిన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ తొలి అధ్యక్షుడు జి.వి. మావ్‌లంకర్ పేరు పెట్టారు. మగవాళ్లకూ ఆడవాళ్లకూ ఒకటే లెక్క: ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద 75 నిమిషాల్లో 60 షాట్లు. దానికి ముందు 15 నిమిషాలు సర్దుకోవడానికి, లెక్కలోకి రాని షాట్లు కాల్చుకోవడానికి ఇస్తారు. ఫైనల్లో పదిని కూడా 10.0 నుంచి 10.9 వరకు విడగొట్టి కొలుస్తారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్‌కు రజతం తప్పి కాంస్యం వచ్చింది 0.1 తేడాతోనే.

మొదటి పోటీలో గుండె దడదడలాడుతుంది. సమయం సరిపోదేమోననిపిస్తుంది, కానీ షాట్‌కు నిమిషం పైనే ఉంటుంది. పది షాట్లకోసారి పిస్టల్ బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని, నీళ్లు తాగండి. పక్క లేన్ స్క్రీన్ వైపు చూడకండి. పోటీ అయ్యాక డైరీలో స్కోరు కన్నా ముందు ఏ షాట్ దగ్గర వేలు తొందరపడిందో రాసుకోండి. మర్నాడు కోచ్ మొదట అడిగేది అదే.