నీలం పలక కింద ఏముంది చెల్లీ?

ఆమధ్య ఒక ఆదివారం మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. శంషాబాద్ దాటాక నర్కూడ వైపు వాళ్లకో చిన్న ఫామ్‌హౌస్ ఉంది. పిల్లల కోసం అందులో స్విమ్మింగ్ పూల్ కట్టిస్తున్నారు. "అక్కా, గాజు మొజాయిక్ వేయించనా, విట్రిఫైడ్ వేయించనా? ముదురు నీలమా, లేత నీలమా?" అంటూ గుక్క తిప్పుకోకుండా అడిగింది. నెత్తిమీద విమానం దిగుతున్న మోతలో సగం మాటలు వినపడనే లేదు. మోత తగ్గాక నేనడిగింది ఒక్కటే. "టైల్ కింద ఏం పెట్టిస్తున్నావే?"

"అదంతా మేస్త్రి చూసుకుంటాడులే అక్కా" అంది.

నా గుండె కలుక్కుమంది. మూడేళ్ల కిందట మేమంతా ఓ రిసార్టుకి వెళ్లాం. మా చిన్నవాడు పూల్‌లోంచి ఏడుస్తూ వచ్చాడు. అరికాలు కోసుకుపోయి నెత్తురు కారుతోంది. గోడ నుంచి ఊడిన టైల్ ముక్క అడుగున పడి ఉంది, దాని అంచు కత్తిలా ఉంది. నాలుగు కుట్లు పడ్డాయి. ఆ ముక్కను వెనక్కి తిప్పి చూశాను. మూలన ఒక సిమెంటు ముద్ద అంటుకున్న మచ్చ, మిగతాదంతా అంగడిలోంచి ఇప్పుడే తెచ్చినట్టు నున్నగా ఉంది. అప్పటి నుంచి కనిపించిన ప్రతి మేస్త్రినీ, ఇంజనీరునూ అడిగి తెలుసుకున్న సంగతులే మీకిప్పుడు చెబుతున్నాను.

మట్టికుండ నీళ్లు పీలుస్తుంది, స్టీలు గిన్నె పీల్చదు కదా! పాతకాలపు టైల్ కుండలాంటిది. సిమెంటు పాలు దాని ఒంట్లోకి ఇంకి గట్టిగా పట్టుకునేవి. ఇప్పటి విట్రిఫైడ్ టైల్ వంద గ్రాములకు అర గ్రాము నీళ్లు కూడా తాగదు. గాజు అసలే తాగదు. సిమెంటు పాలు పట్టుకోవడానికి అక్కడ సందేది? అందుకే పాలిమర్ కలిసిన అంటుపొడి కావాలి. మన మేస్త్రీలు దాన్ని టైల్ గమ్ అంటారు. అయితే వంటగదికి తెచ్చిన గమ్ మిగిలిందని పూల్‌కి వాడేస్తే ఒప్పుకోకండమ్మా. డబ్బాలో కలిపే అమ్మే పేస్టు అసలే వద్దు. అది గాలికి ఆరి గట్టిపడే సరుకు, నీళ్లలో నానితే మెత్తబడుతుంది.

బస్తా వెనకవైపు చదవండి. మన దేశపు ప్రమాణం ఐ.ఎస్. 15477. దాన్ని 2019లో సవరించారు. దాంతోపాటు యూరప్ అక్షరాలూ ఉంటాయి. సి1 అని ఉంటే పూల్‌కి పక్కన పెట్టండి, సి2 కావాలి. నీళ్లలో నానబెట్టాక కూడా చదరపు మిల్లీమీటరుకు 1 న్యూటన్ లాగుడుకి తట్టుకోవాలని దాని నియమం. అంటే గోరంత జాగాను దాదాపు పది కిలోల బరువుతో లాగినా ఊడకూడదు. సి1కి అందులో సగం చాలు. టి అక్షరం ఉంటే గోడ మీద టైల్ జారదు. ఎస్1 ఉంటే ఎండకీ నీటికీ గోడ కాస్త కదిలినా గమ్ కూడా వంగి సర్దుకుంటుంది. పూల్‌కి పనికొస్తుందని బస్తా మీదే అచ్చులో ఉండాలి. గాజు మొజాయిక్‌కి తెల్ల గమ్ తెప్పించండి. బూడిద రంగుదైతే గాజులోంచి మురికిగా కనిపిస్తుంది.

మంచి బస్తా తెచ్చాక పని చెడేది చేతిలోనే. పళ్లున్న తాపీతో గోడంతా పూయాలి, టైల్ వెనక కూడా పలచగా రాయాలి. ముద్దలు పెట్టి అంటిస్తే వెనక ఖాళీలో నీరు చేరుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే ఎండల్లో పూసిన గమ్ మీద నిమిషాల్లో పొర కడుతుంది. వేలు పెట్టి చూడండి. వేలికి అంటకపోతే గీకేసి కొత్తది పూయాల్సిందే. మీద ఇంకాసిని నీళ్లు చల్లితే ప్రాణం రాదు.

రాయి వేయించేవాళ్లకి ఇంకో మాట. తాండూరు బండ సున్నపురాయి. కడగడానికి యాసిడ్ పోశారో, దాని నునుపంతా పోతుంది. ఆకుపచ్చ మార్బుల్ కొన్ని రకాలు సిమెంటు గమ్‌లోని నీటికే వంకర తిరుగుతాయి. వాటికి ఎపాక్సీ గమ్ వాడతారు, ఖర్చు బాగా ఎక్కువ. నన్నడిగితే పూల్ లోపలికి ఆ రాయే వద్దంటాను.

ఫోన్‌లో ఇదంతా విని మా చెల్లి, "మరి మా ఊరి పక్కనే అమ్మపల్లి రాములవారి గుడి కోనేరుందిగా, ఆ రాళ్లకి ఏ గమ్ పెట్టారు?" అంది. మంచి ప్రశ్నే వేసింది. అవి పెద్ద పెద్ద రాళ్లమ్మా, ఒకదాని మీద ఒకటి తమ బరువుతో కూర్చున్నాయి. మనం అంటించేది వేలి మందం కూడా లేని రేకు. దానికి సొంత బరువు అండ కాదు, వెనకున్న గమ్మే అండ.

టైల్స్ మొదలెట్టక ముందే ఉత్త కాంక్రీటు తొట్టిని నింపి, నీటి మట్టం దగ్గర గీత గీసి, వారం చూడమన్నాను. కారితే అప్పుడే తెలుస్తుంది. మొదటి రోజు అంటించిన వాటిలో ఒక టైల్‌ని తడిగా ఉండగానే ఊడదీయించి వెనక్కి తిప్పి చూడమన్నాను. అంతటా గమ్ పట్టి ఉండాలి. ఒక్క టైల్ పోతే పోనీ.

టైల్స్ మొదలెట్టిన రోజు సాయంత్రమే ఫొటో పంపింది. వెనకంతా తెల్లగా నిండుగా ఉంది. కింద మెసేజ్: "అక్కా, టైల్స్ సందుల్లో గ్రౌట్ నింపడం పూర్తయ్యాక రెండు వారాలు నీళ్లు పట్టొద్దని బస్తా మీద ఉంది. మా చింటూ పుట్టినరోజు ఆ లోపే వస్తోంది, ఏం చేయను?"

"పెరట్లో పైపు పెట్టి ఆడించు. పూల్ ముట్టుకోవద్దు. నేనూ వస్తున్నా" అని రాశాను.