కొల్లేటికోట జాతర: ప్రచారం ఎలా, దుకాణం ఎక్కడ, అనుమతి ఎవరిది?

ఫాల్గుణం దగ్గరపడితే కొల్లేటికోట గురించి వాకబు మొదలవుతుంది. పెద్దింట్లమ్మ దర్శనానికి ఎప్పుడు రావాలని భక్తులు అడుగుతారు. గాజులు, బొమ్మలు, జీళ్లు, ఖర్జూరం అమ్ముకునేవాళ్లు చోటు ఎక్కడ దొరుకుతుందంటారు. ఊళ్లో కుర్రాళ్లు పోస్టర్లు, మైకుబండి పనిలో పడతారు. అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఒక్కటే: నేల ఎవరిదో తేలితే అనుమతి ఎవరిదో తేలుతుంది. ఇక్కడ గుడి స్థలం దేవస్థానానిది, ఊరి బాటలు పంచాయతీవి, చుట్టూ ఉన్న కొల్లేరు వన్యప్రాణి అభయారణ్యం.

మా యువజన సంఘం జాతర పోస్టర్ వేయించవచ్చా?

మీ సంఘం పేరుతో, మీరు చేసే కార్యక్రమం గురించి వేసుకోవచ్చు. దేవస్థానమే వేయించిందని చూసేవాళ్లు అనుకునేలా మాత్రం ఉండకూడదు. జాతరలో జరిగే జలదుర్గా గోకర్ణేశ్వరుల కల్యాణ ముహూర్తం, దర్శన వేళలు దేవస్థానం కార్యనిర్వహణాధికారి (ఈవో) కార్యాలయంలో కనుక్కున్నాకే అచ్చుకివ్వండి. అమ్మవారి పేరు చెప్పి చందాలు, స్టాళ్లకు అడ్వాన్సులు వసూలు చేసే హక్కు పోస్టర్ వేసినంత మాత్రాన రాదు.

పోస్టర్లు, ఫ్లెక్సీలు ఎక్కడ పెట్టాలి?

గోడ ఎవరిదైతే వాళ్ల రాతపూర్వక సమ్మతి ఉండాలి. బహిరంగ ప్రదేశాలను పోస్టర్లతో పాడుచేయడాన్ని నిషేధిస్తూ 1997లోనే రాష్ట్రంలో చట్టం వచ్చింది. 100 మైక్రాన్లకన్నా పలచని ప్లాస్టిక్, పీవీసీ బ్యానర్లు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. ప్లాస్టిక్ జెండాలు, బుడగలకు కట్టే ప్లాస్టిక్ పుల్లలు, అలంకరణకు వాడే థర్మోకోల్, ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు కూడా ఆ జాబితాలోవే. గుడ్డ బ్యానరుకు ఈ గొడవ లేదు.

మైకుకు అనుమతి ఎవరిస్తారు? రాత్రి ఎంతవరకు?

2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాతపూర్వక అనుమతి లేనిదే లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. ఆ అధికారం డీఎస్పీకి తక్కువ కాని హోదా ఉన్నవారిది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మూసిన ప్రాంగణంలో తప్ప మైకు మోగకూడదు. ఉత్సవాలకు రాత్రి 12 దాకా సడలింపు ఇవ్వవచ్చు కానీ, అది రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వాలి, అదీ ఏడాది మొత్తానికి 15 రోజులు మించకుండా. జాతర ఉంది కదా అని సడలింపు దానంతటదే రాదు. బడి, ఆసుపత్రి చుట్టూ 100 మీటర్లను ప్రభుత్వం నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. ప్రచారపు ఆటోలో కట్టిన మైకుకూ ఇవే నియమాలు.

గుడి దగ్గర కొట్టు పెట్టాలంటే?

దేవస్థానం స్థలాలు, కొబ్బరికాయలు అమ్ముకునే హక్కు లాంటివి 1987 దేవాదాయ చట్టం, 2003 లీజు నియమాల కింద టెండరు, బహిరంగ వేలంపాట ద్వారా ఇస్తారు. పాటదారుకు ఏ సరుకు మీద, ఏ హద్దుల్లో హక్కు ఇచ్చారో ఆ కాగితంలో ఉంటుంది. చిన్న వ్యాపారులు డబ్బు కట్టేముందు ఆ కాగితం చూపించమని అడగాలి, కట్టాక రసీదు తీసుకోవాలి.

హిందువులు కానివారు వేలంలో పాల్గొనకూడదంటారు. నిజమేనా?

2015 నవంబరులో వచ్చిన జీవో 426 అలా అడ్డుపెట్టింది. శ్రీశైలం దుకాణాల విషయంలో ఈ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మతం ఒక్కటే కారణంగా దుకాణదారులెవరినీ వేలం నుంచి, లీజుల నుంచి తప్పించవద్దని 2021 డిసెంబరులో కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మిమ్మల్ని ఆపితే కారణం రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి.

రోడ్డు పక్కన తోపుడుబండి పెట్టుకుంటే?

వీధి వ్యాపారులకు రక్షణ కల్పించే 2014 చట్టం పట్టణాలకు సంబంధించింది. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో తీసుకున్న గుర్తింపు కార్డుతో కొల్లేటికోటలో చోటు హక్కు రాదు. ఇక్కడ పంచాయతీ కార్యదర్శిని కలవాలి. ఆశీలు ఎవరు వసూలు చేస్తున్నారు, రేటెంత, రసీదు ఇస్తారా అన్నవి ముందే తేల్చుకోండి. రాకపోకలకు అడ్డంగా బండి పెడితే రసీదు చూపించినా తీయించేస్తారు.

తినుబండారాలు అమ్మడానికి లైసెన్సు కావాలా?

తోపుడుబండ్లు, తాత్కాలిక స్టాళ్లు లాంటి చిన్న వ్యాపారాలకు 2006 ఆహార భద్రత చట్టం కింద లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ మాత్రం తప్పనిసరి. నీళ్ల సీసా, కూల్‌డ్రింకు ఎమ్మార్పీకి మించి అమ్మితే తూనికలు కొలతల శాఖ కేసు పెట్టవచ్చు. కొనేవాళ్లు ఫిర్యాదు చేయాలంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

అభయారణ్యం నియమాలు మాకేం పట్టాయి?

చాలానే. 308 చదరపు కిలోమీటర్ల కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా రామ్‌సర్ గుర్తింపు పొందింది. ఊళ్లో ఉండేవారికి, రహదారి మీదుగా వెళ్లేవారికి 1972 వన్యప్రాణి చట్టంలోని 27వ సెక్షన్ మినహాయింపునిస్తుంది. కాబట్టి దర్శనానికి రోడ్డున వచ్చేవారు అటవీశాఖను అడగాల్సిన పనిలేదు. అదే చట్టం అభయారణ్యంలో నిప్పుపెట్టడాన్ని (30వ సెక్షన్), జంతువులకూ పక్షులకూ హాని చేసే పేలుడు పదార్థాలు, రసాయనాలు వాడటాన్ని (32వ సెక్షన్) నిషేధిస్తోంది. సరస్సు మీద బాణసంచా కాలుస్తామని కరపత్రంలో వేస్తే మీ నేరానికి మీరే సాక్ష్యం అచ్చేసుకున్నట్టు. ప్రచార వీడియో కోసం పక్షుల మీదుగా డ్రోన్ ఎగరేయాలన్నా ముందు అటవీశాఖ అనుమతి కావాలి. పడవ షికారు ఉందని మీ అంతట మీరు ప్రకటించకండి.

సినిమా పాటలు వేసుకోవచ్చా?

నిజమైన మతపరమైన వేడుకలో భాగంగా వినిపిస్తే 1957 కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది. టికెట్టు పెట్టి నడిపే సంగీత విభావరికి అది వర్తించదు.

జనం ఎక్కువ వస్తారని గుండాట, రికార్డింగ్ డ్యాన్స్ పెట్టిస్తే?

గుండాట బల్ల 1974 జూద నిషేధ చట్టం కిందికి వస్తుంది. బల్ల వేయించినవారూ అందులో ఇరుక్కుంటారు. బహిరంగంగా అశ్లీల నృత్యాలు, పాటలు నడిపితే భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ ఉంది.

ఇన్ని అనుమతుల్లో ముందు ఏది?

ముందు స్థలం: దేవస్థానం గానీ పంచాయతీ గానీ. తర్వాత పోలీసు స్టేషన్‌లో దరఖాస్తు. సరస్సుతో పని పడితే అటవీశాఖ. ఆ పైన కరెంటు. ఇవి చేతికొచ్చాకే ప్రెస్సుకు వెళ్లండి. వ్యాపారులను పిలుస్తూ కరపత్రం వేస్తే అందులో రాయాల్సినవి నాలుగు: స్థలం ఎవరిది, రుసుమెంత, రసీదు ఎవరిస్తారు, నీళ్లూ దీపాలూ ఎవరి బాధ్యత. జాతరకు వేలమంది వస్తారన్న మాటకన్నా దూరం నుంచి సరుకు మోసుకొచ్చేవాడికి కావాల్సింది ఈ నాలుగింటికి జవాబు.