బల్ల మీద నడిచింది, స్టార్టర్ దగ్గర ఆగింది

ప్రశ్న: మాది శామీర్‌పేట. ట్యాంకు నిండగానే బోరు మోటారు దానంతటదే ఆగేలా ఈఎస్‌పీ8266 బోర్డుతో సర్క్యూట్ చేశాను. బల్ల మీద బాగానే నడుస్తోంది. స్టార్టర్‌కు కలిపితే మోటారు ఆగిన ప్రతిసారీ బోర్డు రీసెట్ అవుతోంది. బోర్డు మార్చినా అంతే. ట్యాంకులో వేసిన రాగి తీగలూ పచ్చబడ్డాయి. విసుగొచ్చేసింది. ఏం చేయాలి?

జవాబు: వదిలేయకండి, చాలావరకు వచ్చేశారు. బల్ల మీద నడిచిందంటే ప్రోగ్రాంను అనుమానించాల్సిన పని పెద్దగా లేదు. స్టార్టర్‌లోని కాంటాక్టర్ కాయిల్‌కు కరెంటు తెగిన క్షణంలో వందల వోల్టుల స్పైక్ పుడుతుంది. మీ రిలే కాంటాక్టుల మధ్య చిన్న నిప్పురవ్వ కనిపిస్తుంది చూడండి, అదే. 3.3 వోల్టుల చిప్ ఆ దెబ్బను తట్టుకోలేదు.

ముందు కాయిల్ మీద ముద్రించిన వోల్టేజీ చదవండి. 230 అయితే 100 ఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 కెపాసిటర్ సిరీస్‌లో కలిపి, స్పైక్‌ను అణిచే స్నబ్బర్‌గా కాయిల్ చివరల మధ్య పెట్టండి. త్రీఫేజ్ స్టార్టర్లలో 415 కూడా ఉంటుంది. దానికి ఆ వోల్టేజీకి తగిన రెడీమేడ్ స్నబ్బరే వాడాలి. విడిభాగాలకు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లండి. రిలేకు వేరే సప్లై ఇవ్వండి, సెన్సర్ తీగలను మోటారు కేబుల్‌కు దూరంగా లాగండి.

రాగి పచ్చబడటం డీసీ కరెంటు నిత్యం పారడం వల్ల. తీగలు తీసేసి ఫ్లోట్ స్విచ్ పెట్టండి.

స్టార్టర్ మూత మాత్రం మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్‌ను పక్కన ఉంచుకునే తీయండి.